రేవు నుంచి రౌండబౌట్ దాకా...

గోదావరి పాయలు దాటడమెలాగో కోనసీమ బిడ్డకు పుట్టుకతోనే తెలుసు. రోడ్డు దాటడమే కొత్త పాఠం! పైగా ఆ పాఠం ఇంగ్లిషులో ఉంటుంది. అమలాపురంలో ఒక మాట, కువైట్‌లో ఒక మాట, లండన్‌లో ఇంకో మాట, న్యూయార్క్‌లో వేరే మాట. ఏ మాటకు ఏ అర్థమో తెలియకపోతే దారి తప్పడమే కాదు, ఒక్కోసారి ప్రాణం మీదికీ రావచ్చు.

'ఏవండీ, లాకుల కాడికి ఎలా ఎల్లాలండి?'

'ఆయ్! తిన్నగా ఎల్లిపోండి. కాలవొస్తాదండి. వంతెన దాటకండి. గట్టు మీదే ఎదరకెల్తే రావిచెట్టు, దాని పక్కనే రేవు. ఆ పై మలుపు తిరిగితే లాకులేనండి!'

కోనసీమలో ఎవరిని దారి అడిగినా ఇంచుమించు ఇలాగే చెబుతారు. ఇందులో వీధి పేరు లేదు. ఇంటి నంబరు లేదు. అయినా కొత్తమనిషి కళ్లు మూసుకుని వెళ్లిపోగలడు. ఇప్పుడు ఇదే దారిని పదో తరగతి చదివే పిల్లాడిని ఇంగ్లిషులో చెప్పమనండి. 'గో స్ట్రెయిట్...' దగ్గర మొదలెట్టి 'కెనాల్' దాకా బాగానే వస్తాడు. గట్టు దగ్గర ఆగుతాడు. రేవు దగ్గర తల గోక్కుంటాడు. లాకుల దగ్గర 'లాక్ అంటే తాళం కదండీ' అంటాడు.

వాడి తప్పేం లేదు. పాఠ్యపుస్తకంలో ఉండేది జీబ్రా క్రాసింగు, ట్రాఫిక్ లైటు, ఫుట్‌పాత్. వాడు రోజూ బడికెళ్లే దారిలో ఉండేది కాలవగట్టు, కొబ్బరిదుంగల వంతెన, పుంత. చదివే మాటలొకటి, నడిచే దారి ఇంకొకటి.

దాటడమంటే నీళ్లే!

కోనసీమకు ఒకపక్క గౌతమి, ఇంకోపక్క వశిష్ఠ, మధ్యలో వైనతేయ, కింద బంగాళాఖాతం. చుట్టూ నీళ్లున్న చోట 'దాటడం' అంటే ఏరు దాటడమే. తెలుగులో మాటలు కూడా అలాగే పుట్టాయి. కష్టం నుంచి బయటపడితే 'గట్టెక్కాం' అంటాం. సాయం చేసినవాణ్ని 'ఒడ్డున పడేశాడు' అంటాం. మరిచిపోయినవాణ్ని చూసి 'ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య' అని దెప్పుతాం. రోడ్డు మీద పుట్టిన సామెతలు వెతికితే ఇన్ని దొరకవు.

నేల మీది దారులకూ ఇక్కడ మంచి పేర్లే ఉన్నాయి. పొలాల మధ్య బండ్లు వెళ్లే దారి పుంత. రెండు కంచెల మధ్య ఇరుకుగా సాగేది డొంక. ఇళ్ల మధ్య సన్నగా దూరేది సందు. వరద నీరు ఊళ్ల మీద పడకుండా నది వెంబడి పోసిన కట్ట ఏటిగట్టు. వరదొచ్చినప్పుడు కాపాడేదీ అదే, మామూలు రోజుల్లో సైకిళ్లు, మోటారు సైకిళ్లు తిరిగే రోడ్డూ అదే. ఏటిగట్టుకు ఇంగ్లిషులోనూ పేర్లున్నాయి. 'ఫ్లడ్ బ్యాంక్' అంటే ఇంజినీర్లకు అర్థమవుతుంది. మన దేశపు ఇంగ్లిషులో అయితే 'బండ్' అంటే చాలు. హైదరాబాద్ ట్యాంక్‌బండ్‌లో ఉన్న బండ్ అదే. పారశీకంలో పుట్టి, హిందుస్తానీలో నుంచి ఇంగ్లిషులోకి వెళ్లిన మాట.

ఇప్పటికీ దాటడానికి వంతెన అక్కర్లేదని చూపించే రోజు ఒకటుంది. కనుమ నాడు జగ్గన్నతోట తీర్థానికి చుట్టుపక్కల ఊళ్ల నుంచి ప్రభలు తరలివస్తాయి. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలను భుజాల మీద మోస్తూ కౌశిక కాలవ నీళ్లలోంచే దాటిస్తారు. ఒడ్డున నిలబడి ఊపిరి బిగబట్టి చూసేవాళ్లు వేలమంది. దీనికి ఏ దేశపు రోడ్డు నిబంధనల పుస్తకంలోనూ పేరు దొరకదు!

తాళం కాదు... లాకు!

సర్ ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం దగ్గర 1847లో మొదలెట్టి 1852కల్లా గోదావరికి ఆనకట్ట కట్టించాడు. ఆనకట్టతో పాటు కాలవలు వచ్చాయి. కాలవలతో పాటు ఇంగ్లిషు మాటలూ కొట్టుకొచ్చాయి.

కాలవలో నీటిమట్టం ఒకచోట ఎత్తుగా, ఇంకోచోట పల్లంగా ఉంటుంది. పడవ ఆ మెట్టు దిగాలంటే రెండు తలుపుల మధ్య నిలిపి, నీటిని నింపో, వదిలో మట్టాలు సమం చేయాలి. ఆ ఏర్పాటు పేరే ఇంగ్లిషులో లాక్. మన వాళ్లు దాన్ని లాకు చేశారు, బహువచనం తగిలించి లాకులు చేశారు, చివరికి ఊరి గుర్తే చేసేశారు. ఆత్రేయపురం మండలంలోని లొల్ల లాకులు సినిమా షూటింగులతో రాష్ట్రమంతటికీ తెలిసిపోయాయి. సరుకు పడవలు కనుమరుగైనా మాట మాత్రం మిగిలింది.

పి.గన్నవరం దగ్గర ఇంకో వింత. అక్కడ వైనతేయ నది మీదుగా కాలవ వెళుతుంది. అంటే నీళ్ల మీద నీళ్లు! దాని పేరు అక్విడెక్టు. లాటిన్‌లో నీటిని తీసుకెళ్లేది అని అర్థం. 1850ల్లో కట్టిన ఆ పాత కట్టడాన్ని 49 ఖానాలు మోస్తుంటాయి. పక్కనే తర్వాత కట్టిన కొత్త అక్విడెక్టుకు, ఆకలన్నవాడికి వేళాపాళా చూడకుండా అన్నం పెట్టిన లంకల గన్నవరం అన్నపూర్ణ డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. రోమన్ల కాలంనాటి నోరు తిరగని మాటను ఇక్కడి రైతు రోజూ కాఫీ తాగినంత సులువుగా వాడతాడు.

పంటు సంగతీ అంతే. సఖినేటిపల్లి నుంచి నరసాపురానికి వశిష్ఠ మీద, ముక్తేశ్వరం నుంచి కోటిపల్లికి గౌతమి మీద మనుషుల్నీ, మోటారు సైకిళ్లనీ, కార్లనీ కూడా ఎక్కించుకుని దాటించింది పంటే. ఇంగ్లిషులో పంట్ అంటే అడుగు చదునుగా ఉండే పడవ. అచ్చతెలుగులో బల్లకట్టు. ఇంగ్లిషులో ఎవరికైనా చెప్పాలంటే మాత్రం 'పంట్' కన్నా 'ఫెర్రీ' అనడమే మేలు. పంట్ అనగానే లండన్ వాళ్లకు కేంబ్రిడ్జి నదిలో గెడతో తోసుకునే షికారు పడవ గుర్తొస్తుంది.

మాటలు వాళ్లే ఇచ్చారు, మనం పుచ్చుకున్నాం అనుకోనక్కర్లేదు. ఇంజినీరింగు పుస్తకాల్లో ఆనకట్టను 'ఆనికట్' అని రాస్తారు. అది తమిళుల అణైక్కట్టు, మన ఆనకట్టకు తోబుట్టువు. దక్షిణాది నుంచి ఓడెక్కి ఇంగ్లిషు నిఘంటువులోకి చేరింది. ఇక మనం తూము అనేదాన్ని రోడ్ల శాఖ 'కల్వర్టు' అంటుంది. ఆ మాట ఎక్కడ పుట్టిందో ఇంగ్లిషు నిఘంటువులే తేల్చలేకపోయాయి.

ఊరు మారితే కూడలి మారుతుంది

నాలుగు దారులు కలిసే చోటును పుస్తకాల్లో కూడలి అంటాం. నోటి మాటలో ఎవరూ అనరు. అమలాపురంలో గడియార స్తంభం సెంటర్, కలశం సెంటర్. రాజోలు దారిలో తాటిపాక సెంటర్. గౌతమి దాటి కాకినాడ వెళితే సెంటరు పోయి భానుగుడి జంక్షన్ అవుతుంది. విశాఖలోనూ జంక్షనే... జగదాంబ జంక్షన్, ఆశీల్‌మెట్ట జంక్షన్. రాయలసీమలో సర్కిల్... తిరుపతిలో లీలామహల్ సర్కిల్, కడపలో అప్సర సర్కిల్. విజయవాడ కోస్తాలో ఉన్నా బెంజి దగ్గరికొచ్చేసరికి సర్కిలే. హైదరాబాద్‌లో చౌరస్తా. చౌ అంటే నాలుగు, రస్తా అంటే దారి. అక్కడే 'క్రాస్' అని రాయడానికి బదులు ఎక్స్ అక్షరం వేసి, చివరికి దాన్ని ఎక్స్ రోడ్స్ అని చదివేస్తున్నారు కూడా.

ఒక మనిషి కూడలిని ఏమంటాడో వింటే చాలు, ఏ జిల్లావాడో చెప్పేయొచ్చు!

చిక్కేమిటంటే... ఇవన్నీ ఇంగ్లిషు మాటలే అయినా ఇంగ్లిషు వాళ్లకు ఇలా అర్థం కావు. 'సెంటర్' అంటే వాళ్లకు ఊరి నడిబొడ్డు. మన ఊళ్లో నాలుగు సెంటర్లున్నాయంటే నాలుగు నడిబొడ్లా అని ఆశ్చర్యపోతారు. నాలుగు దారులు కలిస్తే బ్రిటన్‌లో క్రాస్‌రోడ్స్, అమెరికాలో ఇంటర్‌సెక్షన్. మూడు కలిస్తే టీ జంక్షన్. మధ్యలో గుండ్రటి దిమ్మె ఉండి వాహనాలు దాని చుట్టూ తిరిగితే బ్రిటన్‌లో రౌండబౌట్, అమెరికాలో కొన్నిచోట్ల ట్రాఫిక్ సర్కిల్, ఇంకొన్నిచోట్ల రోటరీ.

లండన్‌లో పిక్కడిల్లీ సర్కస్ ఉంది. అక్కడికెళ్లి సింహాల కోసం వెతక్కండి. లాటిన్‌లో సర్కస్ అంటే వలయం. అది కూడా మన సెంటరు లాంటిదే!

పేర్ల విషయంలో అమలాపురమూ తక్కువ తినలేదు. ఎర్ర వంతెన, నల్ల వంతెన అని రంగులతో గుర్తులు. రైలే రాని ఊళ్లో ముమ్మిడివరం గేటు! గౌతమికి ఆవలి ఒడ్డున ఉన్న కోటిపల్లికి కాకినాడ నుంచి 1928లో పట్టాలు వేశారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో వాటిని పీకేశారు. 2004లో మళ్లీ రైలొచ్చింది. అక్కణ్నుంచి గోదావరి పాయలు దాటి అమలాపురం మీదుగా నరసాపురం వెళ్లాల్సిన లైను కోసం కోనసీమ ఎదురుచూపులు చాలా ఏళ్లవి. ఆ రైలు వచ్చాక పిల్లలు నేర్చుకోవాల్సిన ఇంకో మాట 'లెవెల్ క్రాసింగ్'. రోడ్డూ పట్టాలూ ఒకే మట్టంలో కలిసే చోటు. అమెరికాలో దాన్నే గ్రేడ్ క్రాసింగ్ అంటారు.

జీబ్రా, పెలికాన్, పఫిన్...

రోడ్డు దాటే చోట్లకు జంతువుల పేర్లు పెట్టిన ఘనత బ్రిటన్‌ది. అక్కడ 1934లో రవాణా మంత్రి లెస్లీ హోర్ బెలీషా కాలినడక వాళ్ల కోసం దాటే చోట్ల స్తంభాల మీద పసుప్పచ్చ గోళాలు పెట్టించాడు. వాటికి ఆయన పేరే నిలిచిపోయింది... బెలీషా బీకన్లు. గోళాలు దూరం నుంచి కనిపిస్తున్నా దాటే చోటు రోడ్డు మీద స్పష్టంగా కనిపించడంలేదని నల్లని తారు మీద తెల్లని పట్టీలు వేశారు. 1951 అక్టోబరు 31న స్లవ్ పట్టణంలో తొలి జీబ్రా క్రాసింగు వచ్చింది. చారలున్నాయి కాబట్టి జీబ్రా అన్నారు.

జీబ్రా దగ్గర బళ్లను ఆపే ట్రాఫిక్ దీపాలుండవు. నడిచేవాడు కాలు పెడితే బండి ఆగాలి. అది నమ్మకం మీద నడిచే ఏర్పాటు. బళ్లు పెరిగాక 1969లో మీట నొక్కితే ఎర్రదీపం వెలిగే క్రాసింగు వచ్చింది. 'పెడస్ట్రియన్ లైట్ కంట్రోల్డ్' అనే మాటల్లోంచి అక్షరాలు ఏరి, కాస్త సాగదీసి పెలికాన్ అని పిలిచారు. హైదరాబాద్‌లోనూ కొన్నిచోట్ల ఈ పెలికాన్ సిగ్నళ్లు పెట్టారు. ఆ తర్వాత, మనిషి ఇంకా దాటుతున్నాడో లేదో సెన్సర్లతో కనిపెట్టేది వచ్చింది. దాని పేరు పఫిన్. నడిచేవాళ్లూ, సైకిలువాళ్లూ ఇద్దరూ దాటగలిగేది టూకాన్. ఇద్దరూ దాటొచ్చు అనే అర్థం వచ్చే 'టూ క్యాన్' మీద చమత్కారమది. గుర్రపు రౌతుల కోసం పెట్టినదానికి పురాణాల్లోని రెక్కల గుర్రం పేరు... పెగాసస్!

అమెరికాలో ఈ జంతుప్రదర్శనశాల లేదు. అన్నిటికీ కలిపి ఒకటే మాట, క్రాస్‌వాక్. దాన్ని వదిలేసి ఇష్టమొచ్చిన చోట దాటితే జేవాకింగ్. 'జే' అంటే అప్పటి వాడుకలో పట్నం పద్ధతులు తెలియని పల్లెటూరి బైతు. కార్లు పెరుగుతున్న తొలినాళ్లలో, రోడ్డు మీద అలవాటు ప్రకారం నడిచేవాళ్లను సిగ్గుపడేలా చేయడానికి పుట్టిన వెక్కిరింత అది. పోనుపోను చట్టంలోకీ ఎక్కి జరిమానా అయింది. ఇప్పుడు గాలి మళ్లీ ఇటు తిరిగింది. అపాయం లేనప్పుడు దాటితే పోలీసులు ఆపకూడదని కాలిఫోర్నియా 2023 నుంచి అమల్లోకి తెచ్చింది. గల్ఫ్‌లో మాత్రం ఆ ఉదారత ఆశించొద్దు. దుబాయ్‌లో ఎక్కడపడితే అక్కడ రోడ్డు దాటితే జరిమానా తప్పదు.

మాట ఒకటే... అర్థం తిరగబడుతుంది

అమ్మాయి కాన్పు కోసమో, అబ్బాయి ఇల్లు కొన్నాడనో అమెరికా వెళ్లే తల్లిదండ్రులు కోనసీమలో కొత్తకాదు. ఇంట్లో కూర్చోలేక సాయంత్రం పూట నడకకు బయలుదేరతారు. అక్కడే మాటలు తడబడతాయి.

ఉదాహరణకు 'పేవ్‌మెంట్'. బ్రిటన్‌లో ఇది రోడ్డు పక్కన మనుషులు నడిచే గట్టు. అమెరికాలో వాహనాలు వెళ్లే రోడ్డు ఉపరితలమే పేవ్‌మెంట్. లండన్‌లో చదువుకున్న పెద్దాయన 'పేవ్‌మెంట్ మీద నడుస్తున్నా' అని అమెరికాలో అంటే, నడిరోడ్డున నడుస్తున్నాడేమో అని వినేవాళ్లకు గుండె గుభేలుమంటుంది. అక్కడ నడిచే గట్టు పేరు సైడ్‌వాక్. మన ఫుట్‌పాత్ బ్రిటన్‌లో పొలాల మధ్య కాలిబాటకు కూడా వాడతారు.

'సబ్‌వే' ఇంకా గమ్మత్తయింది. బ్రిటన్‌లో రోడ్డు కిందనుంచి నడిచి అవతలికి వెళ్లే సొరంగం. న్యూయార్క్‌లో సబ్‌వే అంటే భూగర్భ రైలు! రోడ్డు దాటదామని మెట్లు దిగితే ఎదురుగా టికెట్ గేట్లుంటాయి.

మన స్పీడ్ బ్రేకర్ రెండు దేశాల్లోనూ స్పీడ్ బంప్. పాతకాలపు బ్రిటిష్ వాడుకలో దాని ముద్దుపేరు 'స్లీపింగ్ పోలీస్‌మన్', నిద్రపోయే పోలీసు. దక్షిణాఫ్రికాలో ట్రాఫిక్ లైటును 'రోబో' అంటారు. 'రోబో దగ్గర ఎడమకు తిరగండి' అని ఎవరైనా చెబితే కంగారుపడక్కర్లేదు.

ఎవరు ఏమంటారు?

- మనం డివైడర్ అనేది బ్రిటన్‌లో సెంట్రల్ రిజర్వేషన్, అమెరికాలో మీడియన్.
- మన ఫ్లైఓవర్ బ్రిటన్‌లోనూ అదే, అమెరికాలో ఓవర్‌పాస్.
- మన డైవర్షన్ బ్రిటన్‌లోనూ అదే, అమెరికాలో డీటూర్.
- మన దగ్గరా, బ్రిటన్‌లోనూ బోర్డు మీద 'గివ్ వే'. అమెరికాలో 'యీల్డ్'. అవతలివాళ్లకు దారి వదలమనే.
- మనం రోడ్డు మార్జిన్, బెర్ము అనేది అమెరికాలో షోల్డర్.
- మన పెట్రోలు బంకు బ్రిటన్‌లో పెట్రోల్ స్టేషన్, అమెరికాలో గ్యాస్ స్టేషన్.
- అటువైపు దారి లేని సందు రెండుచోట్లా డెడ్ ఎండ్. ఇళ్ల మధ్య ఉంటే ఫ్రెంచి పేరుతో కుల్ డి సాక్.

ముందు కుడికా... ఎడమకా?

మాట తప్పితే నవ్వుకుని సర్దుకోవచ్చు. చూపు తప్పితేనే ప్రమాదం.

మన బడుల్లో పిల్లలకు ఏం నేర్పుతారు? 'ముందు కుడివైపు చూడు, తర్వాత ఎడమవైపు చూడు, మళ్లీ కుడివైపు చూసి దాటు.' ఇది మనకు సరైనదే. మన బళ్లు ఎడమపక్కన నడుస్తాయి. కాబట్టి రోడ్డంచున నిలబడ్డ మనిషికి మొదట ఎదురయ్యే బండి కుడివైపు నుంచే వస్తుంది. బ్రిటన్, ఆస్ట్రేలియా, సింగపూర్, మలేసియా, జపాన్, శ్రీలంకల్లోనూ ఇదే వరస.

అమెరికా, కెనడా, జర్మనీల్లో ఇది తిరగబడుతుంది. మన జిల్లాల నుంచి ఎక్కువగా వెళ్లే కువైట్, దుబాయ్, మస్కట్, దోహా, సౌదీల్లోనూ అంతే. అక్కడ బళ్లు కుడిపక్కన నడుస్తాయి. రోడ్డంచున నిలబడితే మొదటి బండి ఎడమవైపు నుంచి దూసుకొస్తుంది. అలవాటుకొద్దీ కుడికి చూసి కాలు ముందుకేస్తే... ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

ఇలా పొరబడినవాళ్లలో మహామహులున్నారు. 1931 డిసెంబరులో విన్‌స్టన్ చర్చిల్ న్యూయార్క్ వెళ్లాడు. ఫిఫ్త్ ఎవెన్యూలో టాక్సీ దిగి రోడ్డు దాటబోయాడు. ఇంగ్లండు అలవాటు ప్రకారం చూడాల్సిన వైపు కాకుండా ఇంకోవైపు చూశాడు. కారు వచ్చి గుద్దింది. ఆసుపత్రి పాలయ్యాడు. తర్వాత బ్రిటన్ ప్రధాని అయి రెండో ప్రపంచ యుద్ధాన్ని నడిపిన మనిషి, ఆ రోజు ఒక్క చూపు తేడాతో చావు దాకా వెళ్లొచ్చాడు. లండన్‌లో విదేశీయులు ఇలా పొరబడకుండా దాటేచోట రోడ్డు మీదే పెద్దక్షరాలతో 'లుక్ రైట్' అని రాసి ఉంటుంది. అక్షరాలు చదవగలిగితే ప్రాణం నిలిచినట్టే!

అమెరికాలో ఇంకో మెలిక ఉంది. ఎర్రదీపం వెలుగుతున్నా కారు ఆగి, చూసుకుని కుడికి తిరగొచ్చు. న్యూయార్క్ నగరంలో అందుకు ఒప్పుకోరుగానీ చాలాచోట్ల చెల్లుతుంది. మన 'ఫ్రీ లెఫ్ట్' లాంటిదన్నమాట. నడిచే బొమ్మ వెలిగింది కదా అని అటూఇటూ చూడకుండా దిగిపోకూడదు.

ఇంటి పనికో, డ్రైవరు ఉద్యోగానికో గల్ఫ్ వెళ్లేవాళ్లకు పాస్‌పోర్టు, వీసా, మెడికల్ అంటూ నెలల తరబడి హడావుడి ఉంటుంది. విమానం ఎక్కే ముందు ఈ ఒక్క ముక్క చెప్పేవాళ్లుండరు: 'అక్కడ ముందు ఎడమకు చూడమ్మా!'

108కి ఏం చెబుతారు?

విదేశాల సంగతి సరే. ఇంటిదగ్గర ఈ మాటలతో పనేమిటి? పని ఉంది. అదీ క్షణాల మీద.

108 అంబులెన్సులు మన రాష్ట్రంలో 2005 ఆగస్టు 15న మొదలయ్యాయి. ఫోనెత్తగానే అవతలివాళ్లు అడిగే మొదటి ప్రశ్నల్లో ఒకటి... 'ఎక్కడ?' ఫోనందుకునేవారు మన ఊరివాళ్లు కానక్కర్లేదు. 'లాకుల కాడండి' అంటే ఏ లాకులు? 'గట్టు మీద' అంటే ఏటిగట్టా, కాలవగట్టా? కాలవకు తూర్పు గట్టా, పడమర గట్టా? కాలవకు రెండువైపులా దారులున్నచోట ఇది చిన్న తేడా కాదు. అంబులెన్సు ఒక గట్టున, దెబ్బ తగిలినవాడు ఇంకో గట్టున ఉంటే, మధ్యలో వంతెన కోసం వెనక్కెళ్లి రావడానికే బంగారంలాంటి నిమిషాలు కరిగిపోతాయి.

కోనసీమ రోడ్లలో చాలావాటికి ఒకపక్క కాలవే. రావులపాలెం నుంచి కొత్తపేట మీదుగా అమలాపురం వెళ్లేవాళ్లకు ఈ సంగతి చెప్పక్కర్లేదు. కొబ్బరిచెట్ల నీడ, పక్కన నీళ్లు... చూడ్డానికి ఎంత అందమో రాత్రిపూట, మంచులో, ఎదురుబండి లైటు కళ్లలో కొడితే అంత అపాయం. మరోపక్క 216వ నంబరు జాతీయ రహదారి యానాం వైపు నుంచి ముమ్మిడివరం, అమలాపురం, రాజోలు దారిగా సాగుతుంది. ఒకప్పుడు పంటు కోసం గంటలు కాచుకున్న ఎదుర్లంక రేవులో ఇప్పుడు వారధి ఉంది. లోక్‌సభ స్పీకర్‌గా ఉంటూ 2002లో హెలికాప్టర్ ప్రమాదంలో కన్నుమూసిన జి.ఎం.సి.బాలయోగి పేరు దానికి పెట్టుకున్నారు. చించినాడ దగ్గర, బోడసకుర్రు దగ్గర వంతెనలొచ్చాయి. రేవులు తగ్గాయి. వేగం పెరిగింది. పంటు దిగి నింపాదిగా నడిచిన కాళ్లే ఇప్పుడు లారీల మధ్యనుంచి రోడ్డు దాటాలి.

అందుకే చోటు చెప్పడం ఒక విద్యగా నేర్చుకోవాలి. పెద్ద కష్టం కాదు. మొదట మండలం, తర్వాత ఊరు, ఆపైన ఏ రోడ్డు, ఎటునుంచి ఎటు వెళ్లే దారి, దగ్గర్లో గుడో బడో వంతెనో, చివరగా ఏ వైపు గట్టు. రహదారి మీదైతే కిలోమీటరు రాయి చూసి నంబరు చెబితే ఇంకా మంచిది. రెండు కిలోమీటరు రాళ్ల మధ్య ప్రతి 200 మీటర్లకూ 2, 4, 6, 8 అంకెలతో చిన్న రాళ్లుంటాయి. అవి ఉత్త దిమ్మెలు కావు. 'ఫలానా కిలోమీటరు దాటాక 6వ నంబరు రాయి దగ్గర' అంటే అంబులెన్సు నేరుగా అక్కడికే వస్తుంది.

రాయి రంగు చూడండి... బోర్డు ఆకారం చూడండి

- రాయి నెత్తిన పసుపు రంగుంటే జాతీయ రహదారి. ఆకుపచ్చయితే రాష్ట్ర రహదారి. నారింజ రంగుంటే గ్రామీణ రోడ్డు. 2000 డిసెంబరులో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన రోడ్ల మీద ఇది కనిపిస్తుంది.
- గుండ్రటి బోర్డు ఆజ్ఞ. పాటించి తీరాలి. ఎర్ర అంచుంటే సాధారణంగా చేయకూడదని.
- ముక్కోణం హెచ్చరిక. ముందు మలుపో, బడో, ఇరుకు వంతెనో ఉంది జాగ్రత్త అని.
- దీర్ఘచతురస్రం సమాచారం. ఆసుపత్రి, పెట్రోలు, భోజనం లాంటివి.
- ఎనిమిది పలకలున్నది ఒక్కటే... స్టాప్. తలకిందులైన ముక్కోణమూ ఒక్కటే... గివ్ వే. మంచులో అక్షరాలు కనిపించకపోయినా ఆకారాన్ని బట్టి పోల్చుకోవాలనే వీటిని వేరుగా పెట్టారు.

బడి దారే బడి

పిల్లలకు ఈ మాటలన్నీ బట్టీ పట్టించాల్సిన పనిలేదు. ఒక ఆదివారం అమ్మో నాన్నో, తాతయ్యో పిల్లల చెయ్యి పట్టుకుని ఇంటి నుంచి బడిదాకా నడిస్తే సరిపోతుంది. దారిలో కనిపించిన ప్రతిదానికీ రెండు పేర్లు చెప్పుకోవడం ఒక ఆట. తూము కనబడితే కల్వర్టు. కాలవగట్టు కనబడితే కెనాల్ బ్యాంక్. పడవ రేవు కనబడితే ఫెర్రీ ఘాట్. మనుషులు మాత్రమే దాటే సన్న వంతెన ఫుట్‌బ్రిడ్జి. వంతెనకు అటూఇటూ ఉండే పిట్టగోడ పేరాపెట్. రోడ్డు అంచున ఎత్తుగా కట్టిన రాతివరస కెర్బ్. పుంతకు కార్ట్ ట్రాక్.

ఆ నడకలోనే ఇంకో పాఠం కూడా అయిపోతుంది. ఈ వంతెనకు పిట్టగోడ ఎక్కడ విరిగింది, ఏ మలుపులో ఎదురుబండి కనిపించదు, బడి ముందు రోడ్డు మీద వేసిన తెల్లచారలు ఎప్పుడు చెరిగిపోయాయి... పిల్లలే చూపిస్తారు. పేరు తెలిసినదాన్నే అడగగలం. 'బడి దగ్గర ప్రమాదంగా ఉందండి' అని అర్జీ పెడితే ఒక మూల పడి ఉంటుంది. 'బడి గేటు ఎదుట జీబ్రా క్రాసింగు, దానికి రెండువైపులా స్పీడ్ బ్రేకర్లు, ముందుగా హెచ్చరిక బోర్డు, కాలవ వైపు పేరాపెట్ కావాలి' అని రాస్తే, ఏ ఇంజినీరైనా అంచనా వేయాల్సింది నాలుగు పద్దులకే.

లాకునూ, పంటునూ, అక్విడెక్టునూ నాలుక మీద ఆడించి మన మాటలు చేసుకున్నాం. వాటి వాడకం తెలుసు కాబట్టే అవి మనవయ్యాయి. జీబ్రా క్రాసింగూ అంతే. పుస్తకంలో బొమ్మగా ఉన్నంతకాలం అది పరాయి మాటే. పిల్లాడు దాని మీద కాలుపెట్టినప్పుడు బస్సు ఆగిన రోజున, అది తెలుగు మాటవుతుంది.